పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ సూచికగా రక్తంలో చూసే ప్రొటీన్) సెన్సర్‌లో ఫోటోకరెంట్ (వెలుగు పడితే పుట్టే కరెంట్) నిలవడం లేదు, కారణం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న:
ఎఫ్‌టీఓ గాజు (కరెంట్ పారే పూత ఉన్న గాజు) మీద టైటానియం డయాక్సైడ్ పూత (450 డిగ్రీల సెల్సియస్, అరగంట), దానిపై సిలార్ పద్ధతిలో (ద్రావణాల్లో మార్చి మార్చి ముంచుతూ పొర పెంచడం) ఆరు విడతల కాడ్మియం సల్ఫైడ్. మెర్కాప్టోప్రోపియోనిక్ ఆమ్లం, ఈడీసీ–ఎన్‌హెచ్‌ఎస్‌తో (అతికించే రసాయనాల జంట) పీఎస్ఏ యాంటీబాడీ కట్టి, మిగిలిన ఖాళీ చోట్లను 1% బీఎస్ఏ ప్రొటీన్‌తో బ్లాక్ చేశాను. పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ బఫర్) 0.1 మోలార్ ఆస్కార్బిక్ ఆమ్లం, 0 వోల్ట్, 450 నానోమీటర్ల ఎల్ఈడీ. 10 సెకన్లు వెలుగు, 10 సెకన్లు చీకటి. యాంటిజెన్ (ఇక్కడ పీఎస్ఏ) లేకపోయినా కరెంట్ పడిపోతూనే ఉంది. సీరంలో అయితే ఖాళీ నమూనాకీ, మిల్లీలీటరుకి 1 నానోగ్రాముకీ తేడా తెలియడం లేదు.

జవాబు 1:
ముందు పీహెచ్ చూడండి. 10 మిల్లీమోలార్ పీబీఎస్ అంత ఆమ్లాన్ని తట్టుకోలేదు, 3 దరిదాపులకు దిగిపోతుంది. అక్కడ కాడ్మియం సల్ఫైడ్ కరగడం మొదలవుతుంది, యాంటీబాడీ పట్టు సడలుతుంది. సోడియం హైడ్రాక్సైడ్‌తో 7.4కి తెచ్చాకే వాడండి. ఏ రోజుది ఆ రోజే కలపాలి, పసుపు తిరిగితే పారబోయాలి.

పీహెచ్ సరిగ్గా ఉన్నా తగ్గుతుంటే అది ఫోటోకరోజన్, అంటే వెలుగుకి పొర తానే తినుకుపోవడం. వెలుగు పడగానే ఎలక్ట్రాన్లు టైటానియం డయాక్సైడ్‌లోకి వెళ్లిపోతాయి, హోల్స్ (ఎలక్ట్రాన్ పోగా మిగిలిన ఖాళీలు) సల్ఫైడ్‌లోనే మిగులుతాయి. ద్రావణంలోని ఆస్కార్బేట్ (ఆస్కార్బిక్ ఆమ్లపు అయాన్) వాటిని వెంటనే అందుకోకపోతే అవి సల్ఫైడ్‌నే ఆక్సీకరిస్తాయి, కాడ్మియం ద్రావణంలోకి పోతుంది. మెర్కాప్టో ఆమ్లం కంటే ముందు రెండు విడతల జింక్ సల్ఫైడ్ వేయండి: 0.1 మోలార్ జింక్ అసిటేట్‌లో నిమిషం, కడగడం, 0.1 మోలార్ సోడియం సల్ఫైడ్‌లో నిమిషం, మళ్లీ కడగడం. సోలార్ సెల్‌లో వాడే పాలీసల్ఫైడ్ ద్రావణం జోలికి మాత్రం వెళ్లకండి, ఆ క్షారంలో యాంటీబాడీ బతకదు.

యాంటీబాడీ కట్టని ఎలక్ట్రోడ్‌ను 20 సార్లు వెలిగించి ఆర్పి చూడండి. 5% మించి తగ్గితే ఆ బ్యాచ్‌పై యాంటీబాడీ వృథా చేయొద్దు.

జవాబు 2:
పై జవాబుతో బేస్‌లైన్ కుదురుతుంది, సీరం సమస్య తీరదు. మీది కరెంట్ తగ్గితే లెక్కపెట్టే పద్ధతి. ఏ ప్రొటీన్ అంటుకున్నా కరెంట్ తగ్గుతుంది. సీరంలోని యూరిక్ ఆమ్లం తానే ఎలక్ట్రాన్లిచ్చి పెంచుతుంది కూడా. అందుకే సీరంలో ఉండగా కొలవకండి. చీకట్లో 37 డిగ్రీల దగ్గర గంట ఉంచి, 0.05% ట్వీన్-20 (డిటర్జెంట్) కలిపిన పీబీఎస్‌తో మూడుసార్లు కడిగి, తాజా ద్రావణంలో కొలవండి.

అసలు సీరం కోసమైతే శాండ్‌విచ్‌కి (రెండు యాంటీబాడీల మధ్య యాంటిజెన్‌ను పట్టే పద్ధతి) మారడమే మేలని నా అభిప్రాయం. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమ్ (ఫాస్ఫేట్‌ను తెంచేది) తగిలించిన రెండో యాంటీబాడీ కట్టి, ఆస్కార్బిక్ ఆమ్లం బదులు ఫాస్ఫేట్ కట్టిన ఆస్కార్బిక్ ఆమ్లం ఇవ్వండి. ఎంజైమ్ ఉన్నచోటే ఆస్కార్బిక్ ఆమ్లం పుడుతుంది, యాంటిజెన్ పెరిగితే కరెంటూ పెరుగుతుంది. ఈ దశలో పీబీఎస్ వద్దు, ఫాస్ఫేట్ ఆ ఎంజైమ్‌ను అణచేస్తుంది. మెగ్నీషియం కలిపిన ట్రిస్ బఫర్, పీహెచ్ 9 పైన వాడండి. ఈడీసీ దశలో మాత్రం ట్రిస్ పనికిరాదు, దాని అమీనే యాంటీబాడీ చోటు ఆక్రమిస్తుంది.

జవాబు 3:
డిటెక్షన్ లిమిట్‌కి (పసిగట్టగల కనిష్ఠ మోతాదు) ఒకే ఎలక్ట్రోడ్ నాయిస్ తీసుకోకండి. విడివిడిగా చేసిన ఖాళీ ఎలక్ట్రోడ్ల మధ్య తేడాయే అసలు సిగ్మా (కొలతల చెదురు). కరెంట్‌ను కూడా ఆ ఎలక్ట్రోడ్ తొలి విలువతో భాగించి రాయండి. పీఎస్ఏకి చాలాకాలంగా వాడే హద్దు మిల్లీలీటరుకి 4 నానోగ్రాములు కాబట్టి, ఫెమ్టోగ్రాముల దాకా గీత లాగేకంటే 1 నుంచి 10 మధ్య నమ్మకంగా విడదీయడం ముఖ్యం. కాడ్మియం ఉన్న కడుగునీళ్లు సింకులో పోయకుండా వేరే డబ్బాలో పట్టండి.