బంజరు ఎవరికి: గ్యాసు గడ్డికా, గొర్రెలకా?

పామూరు బుల్లోడు: 2025 ఏప్రిల్లో కనిగిరి వైపు దివాకరపల్లిలో కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకి శంకుస్థాపన చేశారు గదా. బంజర్లలో నేపియర్ గడ్డి పెంచి, పులియబెట్టి గ్యాసు తీస్తారంట. మా అమ్మమ్మోళ్ల ఊళ్లో దీని మీద ఒకటే గొడవ. మీరేమంటారు?

మెకానికల్ మామ: ఇందులో గొడవేముంది? గొర్రె మేసిన గడ్డి దాని పొట్టలో పులిసి మీథేన్ తేన్పుగా గాల్లోకి పోద్ది. నూరేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుద్ది. గడ్డిని ట్యాంకులో పులియబెడితే అదే మీథేన్‌ని పట్టి బండ్లకి వాడుకోవచ్చు. మిగిలిన పిప్పి పొలానికి ఎరువు. ఏ రకంగా చూసినా ప్లాంటే మేలు.

మందకాడోడు: నేపియర్ ఏడాదికి ఐదారు కోతలు రావాలంటే తడి కావాల మామా. కనిగిరి వైపు బోరేస్తే ఫ్లోరైడ్ నీళ్లు, అవీ చాలవు. గొర్రెకి తడి పెట్టే పన్లేదు. తుమ్మకాయలు, రేగాకు తిని కండ పట్టుద్ది. దాని పెంట కోసం రైతే డబ్బులిచ్చి రాత్రిళ్లు చేలో మంద కట్టించుకుంటాడు. ఏ ప్లాంటూ పెట్టకముందు నుంచీ జరుగుతున్న పనే ఇది.

కావలి కుర్రోడు: నెల్లూరు గొర్రెల్లో నీవి ఏ రకం, జోడిపా, పల్లానా?

మందకాడోడు: జోడిపి. ఎందుకు, కొంటావా?

ఒంగోలు గిత్త: మన ఒంగోలు జాతిని బ్రెజిలోళ్లు తీసుకెళ్లి, నెలోర్ అని పేరు పెట్టుకుని మాంసం ఎగుమతిలో దూసుకుపోయారు. మనం గడ్డి దగ్గరే కొట్టుకుంటున్నాం.

మెకానికల్ మామ: ఆ మేతకోసం వాళ్లు అమెజాన్ అడివిని నరికారు. అదీ చెప్పు.

మందకాడోడు: మేం ఒక్క చెట్టూ నరకలా. మళ్లీ తేన్పుల గురించి మొదలెట్టమాక.

మెకానికల్ మామ: తేన్పు లెక్క నీకు నచ్చకపోతే లెక్క తప్పయిపోద్దా? పోయినేడు ఎవడి మందో మా కందిచేలో పడి సగం మేసింది. అడిగితే ఒక్కడూ పలకలా. ఈ గొర్రెలు పర్యావరణాన్ని కాపాడతాయంట!

మందకాడోడు: నీ చేను యాడ?

మెకానికల్ మామ: ఆ బంజరు పక్కనే.

మందకాడోడు: అట్టా చెప్పు మరి. పక్కనే పట్టా ఉంది, గడ్డికి కౌలుకిద్దామని చూస్తున్నావు. ఇందాకటి నుంచీ మీథేన్ అంటావేంది?

మెకానికల్ మామ: ఇస్తా. పొగాకేసి, వేలం కేంద్రంలో రేటు కోసం పడిగాపులు పడే ఓపిక మా నాయనకి లేదు. తప్పా?

మందకాడోడు: నీ పట్టా నీ ఇష్టం. నేను బంజరు సంగతి మాట్లాడతన్నా. తాతల నుంచీ మేపుతున్నాం, మా చేతిలో కాగితం లేదు. కంచె పడితే మాకు ఎకరాకి ఇంతని ఎవడిస్తాడు?

మెకానికల్ మామ: అది ప్రభుత్వాన్ని అడగాల్సింది, నన్ను కాదు.

పామూరు బుల్లోడు: ప్లాంటోళ్లు గొర్రె పెంట కూడా కొంటే ఇద్దరికీ కుదురుద్దేమో?

మందకాడోడు: మేపే చోటు పోయాక పెంట యాడినించి వస్తది అబ్బయా?

మెకానికల్ మామ: ముందు నా కంది డబ్బులు ఇప్పించండి.