వెన్నెముక ఆపరేషన్ అయ్యాక కెటమిన్ డ్రిప్ ఉంచాలా, వద్దా?

రవి: వచ్చే వారం నడుములో స్క్రూలు వేస్తారు. మూడేళ్లుగా ట్రమడాల్ నొప్పి మాత్రల మీదే నెట్టుకొస్తున్నాను. ఆపరేషన్‌లో మొదలుపెట్టి, వార్డులో రెండో రోజు దాకా నొప్పికి కెటమిన్ అనే మత్తుమందు డ్రిప్ ఉంచుతామన్నారు. సరేననమంటారా?

వాణి: వద్దు. మా అమ్మకు అదే పెట్టారు. నొప్పి సంగతి అటుంచి, గోడల మీద మనుషులు పాకుతున్నారని తెల్లవార్లూ అరిచింది.

మత్తుడాక్టర్: మోతాదు ఎంతో తెలియకుండా భయపెట్టకండి. స్పృహ పోవడానికి కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు ఒకేసారి ఎక్కిస్తాం. నొప్పికైతే కిలోకు గంటకు 0.1, 0.2 మిల్లీగ్రాములు చాలు. ఏళ్లుగా ట్రమడాల్ లాంటి మార్ఫిన్ కోవ మందులు వాడినవాళ్లకు మార్ఫిన్ అంతగా పట్టదు. కెటమిన్ దారి వేరు, అది నరాల్లో నొప్పి సంకేతాన్ని పెంచే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డుకుంటుంది. అలాంటి 102 మంది వెన్ను పేషెంట్ల మీద 2010లో వచ్చిన అధ్యయనంలో, కెటమిన్ తీసుకున్నవాళ్లకు మొదటి 48 గంటల్లో మార్ఫిన్ తక్కువే అవసరమైంది.

వాణి: అది నేనూ చదివాను. కుట్లు వేసే సమయానికే డ్రిప్ ఆపేశారు. వార్డుకు అది రుజువెలా అవుతుంది? ఇచ్చింది కూడా గంటకు 0.6, మీరు చెప్పే 0.2 కాదు.

లత: నాకు కెటమిన్ కాదు, నొప్పికి లిడోకైన్ అనే వేరే మందు డ్రిప్ పెట్టారు. నోటి చుట్టూ తిమ్మిరెక్కినా, చెవుల్లో హోరు వచ్చినా వెంటనే పిలవమన్నారు. ఏమీ కాలేదు.

మత్తుడాక్టర్: వాణి గారూ, ఆ 0.6నే పట్టుకుని కూర్చున్నారు. 2018లో అమెరికా మత్తు వైద్యుల సంఘాల మార్గదర్శకాలు గంటకు 1 దాకా ఒప్పుకున్నాయి. నాకు వెన్ను ఆపరేషన్ అయినప్పుడు కెటమిన్ ఇవ్వలేదు. నొక్కితే మార్ఫిన్ ఎక్కే బటన్ చేతికిచ్చారు, రాత్రంతా నొక్కుతూనే ఉన్నాను. కళ్లు మూతలు పడ్డాయి గానీ నొప్పి కదల్లేదు. ఒక్కరికి జరిగిందని మందునే కాదంటే ఎలా?

వాణి: మీకు జరిగిందీ ఒక్కరికే కదా! ఆ గదిలో ఉన్నది నేను. అమ్మకు మతి పోయిందేమోనని చెయ్యి పట్టుకుని వణికిపోయాను. మందు వల్ల ఇలా కావచ్చని ముందు ఒక్క మాట చెప్పలేదు. మీరు చెబుతారా మీ పేషెంట్లకు?

మత్తుడాక్టర్: అందరికీ చెప్పను. చెబితే భయంతో వద్దంటారు, తర్వాత నొప్పితో అల్లాడతారు. మంచం దిగరు, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది.

వాణి: నా గొడవంతా అదే. వద్దనే హక్కు వాళ్లది.

కిరణ్: రవి గారూ, బీపీ అదుపులో లేకపోయినా, గతంలో మానసిక సమస్య ఉన్నా ముందే చెప్పండి.

రవి: బీపీ ఉంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు. రాత్రి నాకేదైనా కనిపిస్తే డ్రిప్ ఆపేది ఎవరో కూడా రేపు అడుగుతాను.

వాణి: మీ పక్కన పడుకునే మనిషికి కూడా చెప్పి ఉంచండి. డ్రిప్ ఆపిన కాసేపటికే అమ్మ తేరుకుంది.