పడమర బాల్కనీల ఏం పెట్టాలె? కొత్మీర అసలే మొలుస్తలేదు

రామగిరి రెండో ఫ్లోర్:
నల్గొండల కిరాయి ఇల్లు, బాల్కనీ మూడడుగుల వెడల్పు, పడమర దిక్కు. పెయింట్ బకెట్లకు కింద బొక్కలు పెట్టి మెంతి, కొత్మీర, టమాట ఏసిన. మెంతి మంచిగొచ్చింది, కొత్మీర జాడ లేదు. మట్టిల ఏం కలపాలె, ఎండాకాలం ఏది ఆగుతది, ఖర్చు ఎంతయితది, కింద ఫ్లోరోళ్ల మీద నీళ్లు పడకుండ ఏం చేస్తున్రు? ఇంకోటి, ఆర్వో వేస్టు నీళ్లు ఊకెనే పోతున్నయని అవే పోస్తున్న.

మందారక్క:
కిరాణం ధనియాలు ఏసినవా తమ్మీ? ధనియంల రెండు గింజలుంటయి, చపాతి కర్రతోటి మెల్లగ అద్ది రెండు బద్దలు చేసి, రాత్రంత నానబెట్టి చల్లాలె. అయినా పది రోజులన్న ఓపిక పట్టాలె, మెంతి లెక్క మూడో రోజే లేవది. మార్చి దాటినంక ఏస్తే అసలే దండుగ, లేచినా పువ్వుకొస్తది. సరేగని నా బాధ వినుర్రి, మందారకు పిండినల్లి పట్టింది, వేపనూనె కొట్టి కొట్టి చెయ్యి నొస్తున్నది పోతలేదు.

పాలమూరు పోరడు:
కొత్మీర సంగతి తర్వాత, ఆర్వో వేస్టు పోస్తున్న అన్నడు, ఎవ్వలు పట్టించుకోరేంది?? పొయ్యకు అన్నా. మిషన్ల నుంచి మంచినీళ్లు తీసి ఉప్పంత గా వేస్టులకే తోలుతది. మా బోరు నీళ్లకు టీడీఎస్ మీటర్ (నీళ్లల్ల కరిగిన ఉప్పు కొలిచేది) పెడితే 900, వేస్టుకు పెడితే 1200 దాటింది.

మిర్యాలగూడ మామ:
ఏమైతది పోస్తే? ఏండ్ల సంది పోస్తున్నం, మా పుంటికూర నడుమెత్తు పెరిగింది. వీడియోలు చూసి మందిని బెదిరిచ్చుడు ఎక్కువైంది.

పాలెం బీఎస్సీ:
నేను పాలెంల అగ్రికల్చర్ చదివిన, ఈ ముచ్చట నాకిడిసిపెట్టుర్రి. పుంటికూర మొండిది, దాన్ని చూపెట్టి అన్నిటికీ లెక్క కట్టొద్దు. చెల్కల అయితే వానకు ఉప్పు కిందికి దిగుతది, బకెట్ల యాడికి పోతది? నీళ్లు ఆవిరైతయి, ఉప్పు మట్టిల్నే ఉంటది. పైన తెల్లగ పొర కట్టిందా లేదా చూసుకోండ్రి, ఆకు అంచులు మాడినయా చూసుకోండ్రి. నల్గొండ నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంటే అది గూడ వేస్టులకే వస్తది, స్పైడర్ ప్లాంట్, డ్రసీనా కొసలు ఎండిపోయేది దానికే. కొత్త ఆకు పసుపుపచ్చగయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగుంటే అది ఐరన్ అందక, బోరు నీళ్ల గుణం.

మిర్యాలగూడ మామ:
సార్లు చదివిన్రు సరే, బాల్కనీల ఎన్ని కట్టల కూర తెంపిన్రో అది చెప్పుర్రి జర. మా ఇంటికి రాండ్రి, తెంపి చేతుల పెడ్త.

పాలెం బీఎస్సీ:
కట్టలు లెక్కబెట్టుకుంట కూసోను నేను. అడిగినాయనకు చెప్తున్న, మీకు కాదు.

మూడో అంతస్తు మేడమ్:
ఏసీ నీళ్లు పొయ్యొచ్చు, అండ్ల ఉప్పుండది. మా ఇంట్ల పైపు కింద బకెట్ పెడ్త. కానీ మా కిందోళ్లు ఉన్నరు సూడుర్రి, ట్రేలు పెట్టినంక గూడ, వాన పడ్డా నా కుండీల నీళ్లే అంటరు, మొన్న చీర ఆరేస్తే మట్టి మరకైందని మెట్లమీద పెద్ద లొల్లి, ఓనర్ దాక పోయింది. వాళ్ల పావురాలు నా పాలకూర మొత్తం పీకితే నేనేమన్న అన్ననా?

పాలమూరు పోరడు:
పావురాలు వాళ్లవెట్లయితయి మేడమ్ 😀

మూడో అంతస్తు మేడమ్:
రోజు జొన్నలు చల్లేది వాళ్లే మరి!

మందారక్క:
నా పిండినల్లి??

పాలెం బీఎస్సీ:
అక్కా, ముందుగాల చీమలను ఆపాలె, పిండినల్లిని కొమ్మకొమ్మకు మోసేది అవ్వే. తడిగుడ్డతోటి తుడిచి, లీటర్ నీళ్లకు 5 ఎం.ఎల్. వేపనూనె, ఇంత సబ్బునీళ్లు బాగ గిలకొట్టి పొద్దుగూకినంక కొట్టు. సబ్బు లేకుంటే నూనె పైననే తేలుతది, ఎంత కొట్టినా అంతే.

దేవరకొండ బాబాయ్:
కుండీల కింద చెక్కపీట పెట్టిన, చెదలొచ్చినయి. ఏం చెయ్యాలె?

పాలమూరు పోరడు:
మా పిల్లలమర్రి పెద్ద చెట్టుకు 2018ల చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి మందెక్కిచ్చిన్రు బాబాయ్, నీ పీటకు గూడ కట్టు. నిజం చెప్పాలంటే పీట తీసి ఇటుకలు పెట్టు.

మిర్యాలగూడ మామ:
అసలు అడిగినాయనకు మట్టి సంగతి ఎవ్వలు చెప్పలే. ఎర్రమట్టి ఒక తట్ట, మాగిన మేకలెరువు ఒక తట్ట, కోకోపీట్ ఒక తట్ట. పచ్చి ఎరువేస్తే వేడికి ఏర్లు మాడుతయి. కోకోపీట్ రెండుసార్లు కడిగి పిండాలె, అండ్ల ఉప్పుంటది.

పాలెం బీఎస్సీ:
చూసిన్రా, మామ గూడ ఉప్పు కడగమంటున్నడు 🙂

మిర్యాలగూడ మామ:
కోకోపీట్ వేరే, ఆర్వో వేరే. మాటలు మలపకు.

రామగిరి రెండో ఫ్లోర్:
ఆర్వో బందు పెడ్త, గచ్చు కడుగుతందుకు వాడుత. ఎండాకాలం ఏది ఆగుతదో జర చెప్పుర్రి.

మందారక్క:
మేల టమాట పూత రాలుతది, ఆశ పెట్టుకోకు. పుంటికూర, తోటకూర, గంగవాయిలి కూర, బచ్చలి తీగ. పడమర ఎండకు గ్రీన్ నెట్ కట్టు, 50 శాతం నీడది. పుదీన ఒక్క కాడ గుచ్చినా అల్లుకుంటది, మా ఇంట్ల మస్తున్నది, కావాలంటే ఆదివారం క్లాక్ టవర్ కాడికి రా, ఇస్త.

రామగిరి రెండో ఫ్లోర్:
సరే అక్కా, పొద్దుగాల వస్త.

మందారక్క:
మాది మహబూబ్‌నగర్ తమ్మీ, నువ్వు ఏ క్లాక్ టవర్ అనుకున్నవ్?

దేవరకొండ బాబాయ్:
అక్కా, మీది దిక్కు వచ్చే పనున్నది నాకు, నాకియ్యి పుదీన.