నాన్నగారి బీపీ మిషన్‌లో పాదరసం: ఇంట్లో ఉంచుకోవడం నేరమా?

ప్రశ్న: గిరింపేట వాసి, చిత్తూరు

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు చిత్తూరులో చాలా ఏళ్ళు చిన్న క్లినిక్ నడిపారు. ఆయన పోయిన తరువాత బీరువా సర్దుతుంటే రెండు పాదరసపు బీపీ మిషన్లు, ఏడు థర్మామీటర్లు బయటపడ్డాయి. పోయిన ఆదివారం మా అబ్బాయి చేతిలోంచి ఒక థర్మామీటర్ జారి కడప బండల మీద పడి పగిలింది. పాదరసం ఆవగింజలంత గుళికలై చెల్లాచెదురైంది. కొన్ని బండల సందుల్లోకి దొర్లిపోయాయి. చీపురుతో ఊడ్చబోతే అవి ఇంకా చిన్నవిగా విడిపోయాయే తప్ప చేటలోకి రాలేదు. చేత్తో ఏరిన తరువాత చూసుకుంటే, నా ఉంగరం మీద ఒకచోట పసుపు రంగు పోయి వెండిలా తెల్లబడింది.

పాదరసాన్ని ప్రపంచ దేశాలన్నీ కలిసి నిషేధించాయని, కాబట్టి ఈ మిషన్లు ఇంట్లో ఉంచుకోవడమే నేరమని మా బంధువు ఒకాయన అంటున్నారు. పాత సామాన్లు కొనే అతను మాత్రం వాటికి మంచి ధర ఇస్తానంటున్నాడు. ఆ నిషేధం అసలు దేనికి వర్తిస్తుంది, వీటిని నేనేం చేయాలి అన్నది తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: రసాయన శాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

అమ్మా, ముందు గది సంగతి చూడండి. పాదరసం మామూలు గది వేడికే కొద్దికొద్దిగా ఆవిరవుతుంది, ఆ ఆవిరికి రంగూ వాసనా ఉండవు. పొరపాటున మింగిన పాదరసంలో అత్యధిక భాగం ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది, పీల్చిన ఆవిరిలో మాత్రం సుమారు 80 శాతం ఊపిరితిత్తుల గుండా రక్తంలో చేరుతుంది, అక్కడి నుంచి మెదడు దాకా వెళ్ళగలదు. అందువల్ల పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి, కిటికీలు తెరిచి ఉంచండి, చీపురునూ వాక్యూమ్ క్లీనర్‌నూ వాడకండి. రాత్రి దీపాలు ఆర్పి, టార్చి లైటును నేలకు ఆనించి పక్కవాటుగా వేస్తే సందుల్లోని గుళికలు మెరుస్తాయి. వాటిని గట్టి అట్టముక్కతో ఒకచోటికి తోసి, ఇంక్ ఫిల్లర్‌తో పీల్చి, మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ సీసాలో వేయండి. మిగిలిన నలుసులను అంటుకునే టేపుతో అద్ది తీయండి. సింకులో మాత్రం పోయవద్దు.

ఒక థర్మామీటర్‌లో ఉండేది గ్రాముకు అటూఇటూ. బీపీ మిషన్‌లో దానికి ఎన్నో పదుల రెట్లు ఉంటుంది. మీ బీరువాలో అసలు భయపడవలసినవి ఆ రెండు మిషన్లే.

జవాబు: పర్యావరణ న్యాయ విద్యార్థిని, తిరుపతి

మీ బంధువు చెప్పినది సగమే నిజమండీ. ఆయన అంటున్నది మినమాటా ఒప్పందం గురించి. మినమాటా జపాన్‌లో ఒక సముద్రతీర పట్టణం. అక్కడి రసాయన కర్మాగారం దశాబ్దాల పాటు పాదరసం కలిసిన వ్యర్థజలాన్ని అఖాతంలోకి వదిలింది. ఆ పాదరసం మిథైల్ మెర్క్యురీ అనే విషపదార్థం రూపంలో చేపల్లో పేరుకుని, ఆ చేపలు తిన్నవారిని పట్టుకుంది. మనుషుల కంటే ముందు పిల్లులు మెలికలు తిరిగి పడిపోయేవట. జబ్బును అధికారికంగా గుర్తించింది 1956లో. ఆ వ్యర్థానికి కారణమైన ఉత్పత్తి ఆగింది 1968లో. తల్లికి పెద్దగా లక్షణాలు లేకపోయినా కడుపులోని బిడ్డ నరాల వ్యవస్థ దెబ్బతిన్న కేసులు అక్కడే బయటపడ్డాయి. గర్భిణులు సొరచేప వంటి పెద్ద వేట చేపలు మానమని ఇప్పటికీ చెప్పడానికి కారణం అదే.

ఆ ఊరి పేరు పెట్టుకున్న ఒప్పందాన్ని 2013 అక్టోబరులో జపాన్‌లోనే ఉన్న కుమమోటో నగరంలో ఆమోదించారు; అది 2017 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. భారత్ 2014లో సంతకం చేసి, 2018లో ధ్రువీకరించింది. థర్మామీటర్లు, బీపీ మిషన్లు, కొన్ని రకాల బ్యాటరీలు, విద్యుద్దీపాలు, చర్మం తెల్లబరిచే క్రీములు వంటి వాటికి 2020ని గడువుగా పెట్టి, గడువు కావాలన్న దేశాలకు మొదట అయిదేళ్ళ మినహాయింపు ఇచ్చారు. ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా చదవాలి: ఆ నిబంధన ఆపేది తయారీని, దిగుమతిని, ఎగుమతిని. మీ నాన్నగారు ఎప్పుడో కొన్న మిషన్ మీ బీరువాలో ఉన్నందుకు మీరు నేరస్థులు కారు. అయితే దాన్ని చెత్తలో పారేసే స్వేచ్ఛ కూడా మీకు లేదు. మన ఘన వ్యర్థాల నియమాలు పాదరసపు థర్మామీటర్లను మామూలు చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వవలసిన వ్యర్థాలుగా లెక్కిస్తాయి. కాబట్టి నగరపాలక సంస్థ ఆరోగ్య విభాగానికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. నోటిమాటగా అడిగితే చెత్తబండిలో వేయమనే అవకాశమే ఎక్కువ.

జవాబు: నగల పనివారి కుటుంబం, చిత్తూరు

ఉంగరం సంగతి నేను చెబుతాను. పాదరసం బంగారాన్ని తినదు, పట్టుకుంటుంది. కొలిమిలో కాల్చితే పాదరసం లేచిపోయి బంగారం మిగులుతుంది, కాని ఆ లేచిపోయేది కాల్చేవాడి ముక్కులోకే. అందుకే విషయం చెప్పకుండా ఉంగరాన్ని ఏ దుకాణంలోనూ కాల్చడానికి ఇవ్వకండి. మా తాత అంగడి ఊడ్చిన మట్టిలోని బంగారు రజనును ఇలాగే పాదరసంతో పట్టి, తలుపు మూసిన గదిలో కాల్చేవాడు. చివరి రోజుల్లో కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా తొణికేది. వయసని అనుకున్నాం, ఏ డాక్టరూ వేరే మాట అనలేదు, మేమూ అడగలేదు. ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో చిన్న గనుల వాళ్ళు ఇప్పటికీ చేస్తున్నది ఈ పనేనట. ఆ పాత సామాన్ల అతను మంచి ధర ఎందుకు ఇస్తానంటున్నాడో ఆలోచించండి.

జవాబు: పర్యావరణ న్యాయ విద్యార్థిని, తిరుపతి

అది నిజమేనండీ. ఐక్యరాజ్య సమితి 2018 అంచనా ప్రకారం మనుషుల పనుల వల్ల ఏటా గాలిలో కలిసే 2,200 టన్నుల పైచిలుకు పాదరసంలో మూడో వంతుకు మించి ఆ చిన్న బంగారు గనుల నుంచే వస్తోంది. బొగ్గు మండించడం దాని తరువాతి స్థానంలో ఉంది. గనుల విషయంలో ఒప్పందం మెతకగానే ఉందని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ ఒక తేదీ పెట్టి ఆపమనలేదు, సాధ్యమైనంత తగ్గించండి, జాతీయ ప్రణాళిక రాయండి అన్నారు.

జవాబు: శ్రీకాళహస్తి భక్తుడు

మరి దుకాణాల్లో అమ్మే పాదరస లింగాల మాటేమిటి? మా ఇంట్లో ఒకటి ఉంది. అభిషేకం చేసిన నీళ్ళు తీర్థంగా తీసుకుంటాము.

జవాబు: రసాయన శాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

ఒప్పందంలో సంప్రదాయ, మతపరమైన ఆచారాలకు వాడే వస్తువులను ఆ జాబితా నుంచి మినహాయించారు. కాబట్టి చట్టం మిమ్మల్ని అడగదు. అయ్యా, పూజ మానమని నేను అనను. ఆ తీర్థం మాత్రం పిల్లలకు ఇవ్వకండి, మీరూ తీసుకోకండి.

గిరింపేట వాసి, చిత్తూరు

అందరికీ కృతజ్ఞతలు. మిషన్లను రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో నిలువుగా పెట్టి, పైన ఎర్ర సిరాతో ‘పాదరసం’ అని రాసి, మేడ మీది గదిలో తాళం వేశాను. అర్జీ ఇచ్చాను, రసీదు వచ్చింది, మనిషి ఇంకా రాలేదు. నిన్న రాత్రి టార్చి వేసి చూస్తే మంచం కోడు కింద ఇంకో రెండు గుళికలు కనిపించాయి.