కరెంటు లేని పొలంలో హామ్ రేడియో: దేనితో మొదలుపెట్టాలి?

నల్లమల_అంచు:
గిద్దలూరు అవతల అడివి అంచున రెండెకరాల్లో చిన్న రేకుల ఇల్లు వేసుకుంటున్నాం. కరెంటు లైను వచ్చే ఆశ లేదు. ఫోనుకి గట్టెక్కితే ఒక గీత సిగ్నల్ వస్తుంది. సోలార్ మీద నాలుగు లైట్లు, ఒక ఫ్యాను, రెండు ఫోన్ల ఛార్జింగు నడవాలి. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడితో హామ్ రేడియోలో (లైసెన్సు తీసుకున్న ఔత్సాహికులు సొంత సెట్లతో మాట్లాడుకునేది) మాట్లాడుకోవాలి, తుపాను రోజుల్లో ఫోన్లు పోతే అదే దిక్కుగా ఉండాలి. ఆన్‌లైన్‌లో దొరికే 5 వాట్ల హ్యాండ్‌సెట్లు రెండు కొంటే సరిపోతుందా? లైసెన్సు తప్పదా? ప్యానెలు, బ్యాటరీ ఎంతవి కావాలి? గట్టు మీద పెద్ద తాటిచెట్టు ఉంది, యాంటెన్నా దానికి కట్టొచ్చా?

ఏడు_మెగాహెర్ట్జ్:
ముందు హ్యాండ్‌సెట్ల సంగతి. అవి 144–146 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. ఆ తరంగాలు దాదాపు కంటిచూపులాగే తిన్నగా పోతాయి, మధ్యలో కొండ అడ్డొస్తే ఆగిపోతాయి. చేతిలో పట్టుకుని మాట్లాడితే నేల మీద నాలుగైదు కిలోమీటర్లు, గట్టు మీంచి అయితే ఇంకొంచెం. గిద్దలూరు నుంచి హైదరాబాద్‌కి గాలిదారిన సుమారు 230 కిలోమీటర్లు, పైగా మధ్యలో నల్లమల. ఎన్ని వాట్లు పెంచినా ఆ దారిన కుదరదు. మీక్కావాల్సింది 40 మీటర్ల బ్యాండు, మన దగ్గర 7.0–7.2 మెగాహెర్ట్జ్. దాంట్లో తరంగాలు నిట్టనిలువుగా పైకి వెళ్లి అయనోవరణానికి (ఆకాశంలో బాగా ఎత్తున రేడియో తరంగాల్ని వెనక్కి తిప్పే పొర) తగిలి చుట్టూ 300–400 కిలోమీటర్ల మేర దిగుతాయి, కొండ అడ్డు కాదు. పగటిపూటే ఇలా. పొద్దుగూకాక దగ్గరి స్టేషన్లు మాయమై దూరదేశాలు వినపడతాయి. అందుకని తమ్ముడితో మాట్లాడే వేళ ఉదయం 8 తర్వాత, సాయంత్రం 4 లోపు పెట్టుకోండి.

లైసెన్సు తప్పదు, ఇద్దరికీ కావాలి. మీకుండి ఆయనకి లేకపోతే ఆయన వినగలరు గానీ మైకు నొక్కకూడదు. పరీక్ష పేరు ఏఎస్‌ఓసీ (అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్స్ సర్టిఫికెట్), దరఖాస్తు టెలికాం శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్‌లో. వయసు 12 నిండితే చాలు. రెండు భాగాలుంటాయి: రేడియో సిద్ధాంతం, నిబంధనలు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ (చుక్కలు, గీతలతో పంపే అక్షరాలు) అక్కర్లేదు. జనరల్ గ్రేడ్‌కి నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ రావాలి. మొదటిదానికి వీయూ3, రెండోదానికి వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్ (రేడియోలో మీరు చెప్పుకునే గుర్తింపు) ఇస్తారు. మీ పనికి రిస్ట్రిక్టెడ్ చాలు. చదువుకోడానికి హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, తమ్ముణ్ణి ఒకసారి వెళ్లి అడగమనండి.

ఇంకో మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఇందులో వ్యాపారం మాట్లాడకూడదు. మిరప రేటెంత, లారీ ఎప్పుడొస్తుంది లాంటివి కుదరవు, రహస్య సంకేతభాష అసలే కూడదు. పొలానికీ ఇంటికీ మధ్య పనిమాటలకు 446.0–446.2 మెగాహెర్ట్జ్ లైసెన్సు అక్కర్లేని వాకీటాకీలు వేరే ఉన్నాయి. పెట్టె మీద ఈటీఏ (పరికరానికి ప్రభుత్వమిచ్చే అనుమతి) ఉందో లేదో చూసి కొనండి.

వెదురుబొంగు:
తాటిచెట్టు వద్దండి. మైదానంలో అంత ఎత్తున ఒంటరిగా నిలబడ్డ చెట్టు మీదే పిడుగు పడుతుంది. దానికి తీగ కట్టి ఇంట్లోకి తెచ్చుకుంటే పిడుగుకి దారి వేసినట్టే. చెట్టుకు దూరంగా 9 మీటర్ల బొంగు గానీ జీఐ పైపు గానీ పాతి మూడు వైపులా తాళ్లతో బిగించండి. పొలం మీదుగా కరెంటు తీగలు పోతుంటే, బొంగు ఎటు పడినా వాటికి తగలనంత దూరంలో ఉండాలి.

యాంటెన్నా మాత్రం బజారులో కొనొద్దు. తలకిందులు వీ ఆకారపు డైపోల్ (నడిమి నుంచి చెరోవైపు ఒక్కో తీగ దిగే యాంటెన్నా) చాలు. 1.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరింగు తీగ రెండు ముక్కలు, ఒక్కోటి 10.5 మీటర్లు. రెండు తీగల నడిమి భాగం బొంగు కొసన, చివర్లు నేలకు 3 మీటర్ల ఎత్తున, బొంగుకు అటూ ఇటూ 8 మీటర్ల దూరంలో. పంపేటప్పుడు ఆ చివర్లలోనే వోల్టేజీ ఎక్కువ, తగిలితే ఒళ్లు కాలుతుంది. మనుషులకూ గొడ్లకూ అందకూడదు.

10.5 కావాలనే ఎక్కువ చెప్పాను. పైకెత్తి నానోవీఎన్‌ఏతో (యాంటెన్నాని కొలిచే చిన్న పరికరం) ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవరు ఎంత వెనక్కొస్తుందో తెలిపే అంకె) ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర తక్కువుందో చూడండి. 6.85 మెగాహెర్ట్జ్ దగ్గరుంటే 7.10కి తేవాలి. 100 కిలోహెర్ట్జ్ పెరగాలంటే ఒక్కో వైపు 14 సెంటీమీటర్లు తగ్గాలి, అంటే ఇక్కడ 35. కోయకుండా వెనక్కి మడిచి మెలిపెట్టండి, ఎక్కువైతే మళ్లీ విప్పుకోవచ్చు. యాంటెన్నా నుంచి సెట్టుకి వచ్చే కేబులు ఆర్‌జీ-58 రకం చాలు, 7 మెగాహెర్ట్జ్‌లో 20 మీటర్లకి పోయేది ఒక డెసిబెల్ (పవరు తేడాకి కొలత) లోపే. (అదే కేబులు 145 మెగాహెర్ట్జ్‌లో సగానికి పైగా పవరు మింగేస్తుంది, రెంటినీ కలపొద్దు.) యాంటెన్నా నడిమి దగ్గర ఆ కేబులునే 4 అంగుళాల పీవీసీ పైపు మీద 14 చుట్లు వరసగా చుట్టండి. లేకపోతే కేబులు పైతొడుగు కూడా యాంటెన్నాలో భాగమైపోయి, ఇంట్లో రొదంతా దానిమీదుగా సెట్టులోకి వస్తుంది.

మబ్బు పట్టగానే కేబులు సెట్టు నుంచి ఊడదీసి ఇంటి బయట పెట్టండి. ఉరుము వినపడ్డాక తీగ ముట్టుకోవద్దు.

నల్లమల_అంచు:
అర్థమైంది అన్నా, తాటిచెట్టు ఆలోచన మానేశాను. సెట్టు ఎన్ని వాట్లది తీసుకోవాలి? దాన్నిబట్టి సోలార్ ఎంత?

పన్నెండు_వోల్టులు:
20 వాట్లది చాలు. 100 వాట్ల సెట్టు మైకు నొక్కినప్పుడు 20 ఆంపియర్లు లాగుతుంది, అవతల పెరిగేది 7 డెసిబెల్లే. సొంతంగా బిగించుకునే ఓపికుంటే హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ సర్క్యూట్లు ప్రపంచమంతటా కట్టుకుంటున్నారు, మరమ్మతు నేర్చుకోడానికి అంతకన్నా మంచిది లేదు. ఏదైనా సరే, లైసెన్సు చేతికొచ్చాకే పంపే సెట్టు కొనండి. ఈలోపు ఎస్‌ఎస్‌బీ (హామ్‌లు ఈ బ్యాండులో మాటలు పంపే పద్ధతి) ఉన్న రిసీవరుతో వింటూ ఉండండి. మామూలు షార్ట్‌వేవ్ రేడియోలో ఈ మాటలు ముక్కుతో గొణిగినట్టు వినపడతాయి, అర్థం కావు.

రోజు లెక్క: 9 వాట్ల లైట్లు 4, 5 గంటలు, 180 వాట్‌అవర్లు. 28 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే మోటారు) ఫ్యాను 10 గంటలు, 280. ఫోన్లకి 30. రేడియో 5 గంటలు వినడానికి 0.6 ఆంపియర్లు, గంట మాట్లాడటానికి సగటున 4 ఆంపియర్లు, మొత్తం 7 ఆంపియర్ అవర్లు, అంటే 90. అన్నీ కలిపి 580. చూశారుగా, తినేది ఫ్యానే, రేడియో కాదు. మబ్బు రోజుల్లో ఎండ మూడున్నర గంటలకి సమానం అనుకోండి. దుమ్ము, వేడి, తీగల నష్టాలు పోగా చేతికొచ్చేది 65 శాతం. అప్పుడు 255 వాట్లు కావాలి, 165 వాట్ల ప్యానెళ్లు రెండు పెట్టండి. రెండు రోజులు ఎండ లేకున్నా ఆగాలంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 12.8 వోల్టుల 120 ఆంపియర్ అవర్లు. లెడ్ యాసిడ్ అయితే సగానికి మించి వాడకూడదు కాబట్టి 200 కావాలి. పైగా అది సగం దిగాక మైకు నొక్కితే వోల్టేజీ పడి సెట్టు ఆగిపోతుంది.

ప్యానెలుకీ బ్యాటరీకీ మధ్య ఉండే ఛార్జింగు కంట్రోలరుకి ముందుగా బ్యాటరీ కలపాలి, తర్వాతే ప్యానెలు. విప్పేటప్పుడు ముందు ప్యానెలు. తిరగేస్తే ప్యానెలు వోల్టేజీకి ఆధారం లేక కంట్రోలరు కాలిపోతుంది. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు లోపు ఉండాలి, సెట్టు దగ్గర కాదు. అది కాపాడేది తీగని.

ఏడు_మెగాహెర్ట్జ్:
లెక్క బాగుంది, ఒక్క చిక్కు చెప్పలేదు: రొద. ఎంపీపీటీ రకం ఛార్జింగు కంట్రోలరు, ఇన్వర్టరు, చవక ఎల్‌ఈడీ బల్బులు, బీఎల్‌డీసీ ఫ్యాను అన్నీ లోపల వేగంగా స్విచ్చవుతూ 7 మెగాహెర్ట్జ్‌లో గరగరలాడతాయి. అడివి అంచున నిశ్శబ్దంగా ఉండాల్సిన బ్యాండు కాస్తా సెట్టు మీటరులో ఎస్‌7, ఎస్‌9 దాకా (అంటే చాలా గట్టిగా) లేస్తుంది, తమ్ముడి గొంతు దాని కింద మునిగిపోతుంది. అందుకే యాంటెన్నా ప్యానెళ్లకి కనీసం 15 మీటర్ల అవతల పాతండి. ప్యానెలు తీగలు రెంటినీ పేనినట్టు మెలిపెట్టి, కంట్రోలరుకి రెండు వైపులా 31 రకం ఫెర్రైట్ క్లాంపులు (తీగ మీదుగా వచ్చే రొదని ఆపేవి) వేయండి. సెట్టుకి ఇన్వర్టరు గుండా కాకుండా బ్యాటరీ నుంచే తిన్నగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగండి. 5 మీటర్ల దూరానికి 8 ఆంపియర్ల దగ్గర పడేది 0.4 వోల్టులోపే.

అప్పటికీ గరగర ఉంటే ఒక చిన్న పరీక్ష. ప్యానెలు లైనులో డీసీ స్విచ్చు పెట్టుకుని, సెట్టు వింటూ దాన్ని ఆపండి. రొద ఠక్కున పోతే దొంగ కంట్రోలరే. మాట్లాడినంతసేపూ ఆపేసి ఉంచండి, బ్యాటరీకి ఏమీ కాదు. పోకపోతే బల్బులు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ రండి.