గ్రేగీ తులిప్ ఇంటి ముందు వేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

డెన్వర్_పెరడు:
షాపులో దొరికే పొడుగు కాడల తులిప్ దుంపలు వేస్తుంటే మొదటి వసంతంలో విరగబూస్తున్నాయి, మరుసటి ఏడాది ఒట్టి ఆకులే, ఆ తర్వాత అవీ ఉండవు. ఏటా కొత్తవి కొనడం నావల్ల కాదు. కజకిస్తాన్ స్టెప్పీల్లో, అంటే చెట్లు లేని గడ్డిమైదానాల్లో, తనంతట తాను పెరిగే గ్రేగీ రకం ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి వస్తుందని పక్కింటావిడ అంటోంది, నిజమేనా? చోటు లాన్ పక్కనే, స్ప్రింక్లర్ రోజు విడిచి రోజు తిరుగుతుంది.

రాళ్లతోట:
నిజమేనండీ, కానీ ఆ స్ప్రింక్లర్ ఉన్నంతకాలం ఇదీ నిలవదు. అందరూ చలి గురించే టెన్షన్ పడతారు, డెన్వర్‌లో చలికి కొదవేముంది! అసలు కావాల్సింది ఎండాకాలంలో పొడినేల. దాని సొంత చోటు టియాన్‌షాన్ కొండల దిగువ గడ్డినేలలు, అక్కడ మంచు కరిగిన తడితో ఏప్రిల్, మే నెలల్లో పూసేసి, ఎండలు ముదిరేసరికి ఆకు ఎండిపోయి దుంప మట్టిలో నిద్రపోతుంది. వచ్చే ఏటి మొగ్గ ఆ వేడిలోనే దుంప లోపల తయారవుతుంది, అప్పుడు తడి తగిలితే కుళ్లిపోవడమే.

కాబట్టి లాన్‌కి దూరంగా, ఎండ బాగా తగిలే వాలు చోట గులకరాళ్లు కలిపిన మట్టిలో, సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో 15 సెంటీమీటర్ల లోతున పెట్టండి. పూలు రాలాక ఆకులు చూడ్డానికి బాలేవని కోసేయకండి, పూర్తిగా పసుపెక్కేదాకా ఆగాలి, దుంప ఊరేది వాటివల్లే. రకం అంటారా, రెడ్ రైడింగ్ హుడ్ తేలిగ్గా దొరుకుతుంది. బూడిదాకుపచ్చ ఆకుల మీద ఊదా చారలుంటాయి, పువ్వు లేకపోయినా నాకు ఆ ఆకులే ఇష్టం. మీ ఊరి బొటానిక్ గార్డెన్స్‌లో స్టెప్పీ తోట కూడా ఉంది, ఓసారి చూసి రండి.

అల్మాటీ_మెడికో:
ఇక్కడ కజకిస్తాన్‌లోనే ఎంబీబీఎస్ చదువుతున్నాను. షిమ్‌కెంట్ వైపు అక్సు-జబగ్లీ అభయారణ్యం దగ్గర వీటిని చూశాం, జానెడు కాడ మీద అంత పెద్ద ఎర్ర పువ్వు, లోపల అడుగున నల్లటి మచ్చ. మా బ్యాచ్‌లో ఒకడు దుంప తవ్వి ఇంటికి తీసుకెళ్తానన్నాడు, గైడ్ గట్టిగా తిట్టింది. కజకిస్తాన్ రెడ్ బుక్‌లో, అంటే అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో, ఉన్న మొక్క, తవ్వకూడదు. పైగా గింజ నుంచి పువ్వు దాకా రావడానికి ఐదారేళ్లు పడుతుందట. నర్సరీలో పెంచిన దుంపలే కొనుక్కోండి.

కూకట్‌పల్లి_కుండీలు:
హైదరాబాద్‌లో అవుతుందా అండీ? ఫ్రిజ్‌లో పెడితే?

రాళ్లతోట:
కూరగాయల అరలో మూడు, నాలుగు నెలలు ఉంచి డిసెంబర్‌లో కుండీలో పెడితే పూస్తే పూయొచ్చు, అదీ ఆ ఒక్కసారికే. పక్కన ఆపిల్స్, అరటిపళ్లు పెట్టకండి, వాటి నుంచి వచ్చే గ్యాస్‌కి లోపలి మొగ్గ మాడిపోతుంది. నన్నడిగితే ఆ డబ్బుతో చామంతులు కొనుక్కోండి.

డెన్వర్_పెరడు:
థాంక్సండీ, డ్రైవ్‌వే పక్కన రాళ్ల గట్టు ఉంది, అక్కడ వేస్తా. ఉడతల సంగతేంటి మరి?

రాళ్లతోట:
దుంపల మీద మట్టి కప్పాక కోళ్ల గూళ్లకి కొట్టే జాలీ పరిచి, దాని మీద ఇంకో పొర మట్టి వేయండి. మొలకలు ఆ కంతల్లోంచే పైకి వస్తాయి.