ఫత్వా అంటే ఆజ్ఞా, అభిప్రాయమా?

సందేహి: వార్తల్లో ఎప్పుడూ ‘ఫత్వా జారీ’ అనే రాస్తారు. జారీ అయిందంటే పాటించి తీరాలనే కదా? కేవలం అభిప్రాయమైతే ఇంత గొడవెందుకు?

నెలవంక: ఆ ‘జారీ’ దగ్గరే పొరబడుతున్నాం. జారీ అయ్యేవి సమన్లు, వారంట్లు. ఫత్వా అనేది ఇస్లాం మతవిధుల గురించిన ఒక ప్రశ్నకు జవాబు. ఎవరో అడగాలి, ముఫ్తీ, అంటే మతవిధులు చదివిన పండితుడు, తన మజ్హబ్ (తాను అనుసరించే ధర్మశాస్త్ర సంప్రదాయం) గ్రంథాలు చూసి చెప్పాలి. తీర్పు ఇచ్చేది ఖాజీ, అంటే న్యాయమూర్తి. ఆయన ఇరుపక్షాలనూ పిలుస్తాడు, సాక్షుల మాట వింటాడు. ముఫ్తీ ముందుండేది మాత్రం అడిగినవాళ్లు చెప్పుకున్న సంగతే. అది అబద్ధమైతే జవాబు కూడా చెల్లదు. ఒట్టోమన్ల కాలపు ఫత్వాలు చూడండి. అసలు పేర్లుండవు. జైద్, అమ్ర్, హింద్ అని ఊహాపేర్లు పెట్టి ప్రశ్న రాసేవారు. కింద జవాబు చాలాసార్లు ‘అవుతుంది’, ‘కాదు’ అన్న ఒక్క ముక్కే. ఇక ఫత్వా చివర ‘అల్లాహ్‌కే బాగా తెలుసు’ అని రాయడం ముఫ్తీల ఆనవాయితీ. తన మాటే ఆఖరిది కాదని ఒప్పుకుంటూ ముగించినదాన్ని హుకుం అని ఎలా అంటాం?

బాటసారి: గ్రంథాల్లో సరే, జనంలో అలా ఉండదు. ఇరాన్ షా 1890లో పొగాకు వ్యాపారం మొత్తాన్నీ ఒక బ్రిటిష్ వ్యక్తికి రాసిచ్చాడు. మరుసటి ఏడాది షియాల పెద్ద మతపండితుడు మీర్జా షీరాజీ పేరుతో పొగాకు నిషిద్ధమని ఫత్వా వచ్చింది. జనం హుక్కాలు పక్కన పడేశారు. 1892లో షా ఆ ఒప్పందం రద్దు చేసుకోక తప్పలేదు. దీన్ని ఉత్త సలహా అంటారా?

నెలవంక: అనను, మంచి ఉదాహరణ ఇచ్చారు. అయితే షియాల పద్ధతి వేరు. సామాన్యుడు ఒక మర్జాను, అంటే ఒక అగ్రశ్రేణి మతపండితుణ్ని, ఎంచుకుని మతవిధుల్లో ఆయన మాట ప్రకారం నడుచుకోవాలి. సున్నీల్లో ఒక ముఫ్తీ జవాబుతో మనసు కుదుటపడకపోతే ఇంకొకరిని అడగవచ్చు. హనఫీ, షాఫయీ అనేవి రెండు సున్నీ మజ్హబ్‌లు; హనఫీ ముఫ్తీ ఒకటి చెబితే షాఫయీ ముఫ్తీ మరొకటి చెప్పడం మామూలే. భారత సుప్రీంకోర్టు కూడా 2014లో ఫత్వాకు చట్టబద్ధత లేదని, బలవంతంగా అమలు చేయరాదని చెప్పింది.

బాటసారి: కోర్టు దాకా వెళ్లగలిగినవాళ్ల సంగతి అది. ఎవరో మూడో మనిషి వెళ్లి అడిగితే, ఆ జవాబు పట్టుకుని చుట్టూ ఉన్నవాళ్లు ఒక ఆడమనిషి కాపురాన్ని తేల్చేస్తుంటే, అది ఆమెకు ఆజ్ఞ కాక మరేమిటి?

నెలవంక: ఆ బాధ నిజం. ఆ తీర్పులోనే కోర్టు ఇదీ చెప్పింది: సంబంధం లేనివాళ్లు అడిగితే వ్యక్తుల హక్కుల మీద ఫత్వా ఇవ్వవద్దని. నా కోపం కూడా జవాబును కర్రలా వాడేవాళ్ల మీదే.

సందేహి: అయితే ఆ ప్రశ్న ఎవరు అడిగారో, ఏమని అడిగారో కూడా వార్తల్లో రాయాలి. నేనింతవరకూ జవాబులే చదివాను.